ఆపుకోవడం, ఎత్తుకోవడం

మొన్న ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైల్లో లింగంపల్లి వైపు వెళ్తున్నాను. జేమ్స్ స్ట్రీట్ దాటగానే బండి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పేవాళ్లు ఎవరూ లేరు, ఎప్పుడూ ఉండరు. ఎదురు సీట్లో తల్లి పక్కన ఒక చిన్నపిల్ల. కాసేపు కాళ్లు ఊపింది. కాసేపు కాలు మీద కాలు వేసుకుని బిగించింది. చివరికి చిటికెన వేలు పైకెత్తి తల్లికి చూపించింది. తల్లి ఫోన్లోంచి తల ఎత్తకుండానే అంది:

"ఆపుకో."

ఇక నాకు సీట్లో కూర్చోబుద్ధి కాలేదు. లేచి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆ తల్లిని అని ఏం లాభం? ఆ బండిలో బాత్‌రూము ఉండదు. ఆడపిల్లకు మనం నేర్పే మొదటి పాఠమే అది కదా. బళ్లో ఆపుకో, బస్సులో ఆపుకో, పెళ్లింట్లో ఆపుకో, చుట్టాలు వెళ్లేదాకా ఆపుకో. నేర్చుకుంటాం, మళ్లీ మన పిల్లలకు నేర్పుతాం. బండి కదిలింది. తర్వాతి స్టేషన్లో ఆ తల్లీ పిల్లా గబగబా దిగిపోయారు. నేను మాత్రం దిగాల్సిన చోటు దాటిపోయి, ఇంకెక్కడో దిగాను. దారి పొడుగునా మా వీధి టీచరమ్మే గుర్తొచ్చింది. ఆమె గుర్తొస్తే ముందు కోపం వస్తుంది, వెంటనే నవ్వొస్తుంది, ఆ తర్వాత కళ్లు తుడుచుకోవాల్సి వస్తుంది. ఆమె పోయి ఇంకా ఏడాది కాలేదు.

ఆమెకు ఎక్కడైనా వరస చివరి సీటే కావాలి. గుడి అయినా, పెళ్లి అయినా, స్కూలు మీటింగయినా సరే, మధ్యలో కూర్చోబెడితే ముళ్ల మీద కూర్చున్నట్టే. అందరికంటే ముందు వెళ్లి చివర కూర్చునేది. తర్వాత వచ్చినవాళ్లు "జరా జరుగుండ్రి" అంటే తను జరిగేది కాదు, లేచి నిలబడి వాళ్లనే లోపలికి పంపేది. కొత్తవాళ్లు గర్వం అనుకునేవాళ్లు. పాతవాళ్లం మేమూ అలాగే అనుకునేవాళ్లం, కాకపోతే అలవాటుపడ్డాం.

"ఇప్పుడే వస్తా" ఆమె ఊతపదం. వంట మధ్యలో, ప్రార్థన మధ్యలో, ఎవరో తమ కష్టం చెప్పుకుంటూ కళ్లనీళ్లు పెట్టుకున్న మధ్యలో, టీచరమ్మ లేచి "ఇప్పుడే వస్తా" అనేది. వచ్చేది కూడా, నిజంగానే ఇప్పుడే వచ్చేది. ఆ వచ్చాక మళ్లీ ఎప్పుడు లేస్తుందా అని నాకు ధ్యాస. నేనే ఓపిక లేని మనిషిని. కదలకుండా పూజో ప్రార్థనో చేసేవాళ్లను చూస్తే నాకు అసూయ. నాకంటే కుదురు లేని మనిషి మారేడ్‌పల్లిలో మా వీధి చివరి ఇంట్లోనే దొరకడం నాకు ఒక రకంగా ధైర్యం.

సికింద్రాబాద్‌ను ఆమె బజార్లతో గుర్తుపట్టేది కాదు, బాత్‌రూములతో గుర్తుపట్టేది. ఏ చీరల కొట్లో మెట్ల కింద ఉందో, ఏ స్వీటు షాపువాడు మొహం మాడ్చకుండా తాళం ఇస్తాడో, ఏ బ్యాంకులో అడిగితే "స్టాఫ్‌కే" అంటారో అన్నీ ఆమెకు నోటికొచ్చు. చీర బాగుందా లేదా అన్నది తర్వాత సంగతి. చీరలన్నీ ముదురు రంగులే, పెద్ద పెద్ద పువ్వులవే. ఈస్టర్‌కి కూడా నేరేడుపండు రంగు కట్టుకొచ్చేది. భుజానికి ఎప్పుడూ ఒక సంచి, సంచిలో ఎప్పుడూ నిండుగా ఒక నీళ్ల బాటిల్. ఆ బాటిల్‌లోంచి ఆమె ఒక్క గుక్క తాగడం నేను చూడలేదు. ఎవరైనా దాహమని అడిగితే ఇచ్చేది కాదు. "అది తాగేది కాదమ్మా" అనేది. తాగని నీళ్లు ఎందుకు మోస్తుందో నాకు అర్థమయ్యేది కాదు.

మౌలాలిలో రైల్వే కాలనీ పక్క మిషన్ స్కూల్లో ఆమె లెక్కల టీచరు. గోదావరి జిల్లా నుంచి పెళ్లయి ఇక్కడికి వచ్చింది, ఎన్నేళ్లున్నా ఆ యాస వదల్లేదు. మా అన్న కూతురు ఆమె దగ్గర చదివింది. ఆ క్లాసులో ఏ పిల్ల చిటికెన వేలు ఎత్తినా, లెక్క ఎక్కడున్నా సరే, "పరుగెత్తు" అనేదట. పరీక్ష జరుగుతున్నా అదే మాట. పిల్లలు దాన్ని వాడుకునేవాళ్లు కూడా, ఒంటికని చెప్పి ఐస్ కొనుక్కుని వచ్చేవాళ్లు. హెడ్‌మిస్ట్రెస్ పిలిచి క్రమశిక్షణ లేదని చీవాట్లు పెడితే, "అబద్ధం చెప్పి వెళ్లే పిల్లల కోసం నిజంగా కావాల్సిన పిల్లను కూర్చోబెట్టలేనండీ" అందట. "ఆపుకో" అన్న మాట ఆమె నోట ఏ పిల్లా వినలేదు.

ఇక గొంతు. మా చర్చిని మేం గుడి అనే అంటాం. ఆ గుడి పాటల బృందంలో, క్వైర్‌లో, పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆమే. మేమందరం కీర్తనల పుస్తకాలు తెరుచుకుని నిలబడితే, క్వైర్ మాస్టర్ కీబోర్డు మీద ఒక స్వరం మీటి, "టీచరమ్మా, ఎత్తుకోండి" అనేవాడు. ఆమె మొదటి చరణం సగం ఒంటరిగా పాడితే, మేం వెనక కలిసేవాళ్లం. ఆమె ఎత్తుకుంటే పాటకు వెన్నెముక ఉన్నట్టుండేది. అప్పుడు మాత్రం ఆ మనిషిలో కుదురు కనిపించేది. పాదాలు నేలకు అంటుకుపోయేవి.

ఒక ఏడాది చలికాలం మొదట్లోనే, వచ్చే ఈస్టర్‌కు క్వైర్‌లో ఆడవాళ్లందరికీ తెల్లచీరలు అని తీర్మానం అయింది. ఆ మరుసటి ఆదివారమే టీచరమ్మ క్వైర్ మాస్టర్ దగ్గరికి వెళ్లి, "నా గొంతు పోయిందండీ, ఇక నన్ను వదిలెయ్యండి" అంది. అంతే. వెనక వరస చివరికి వెళ్లి కూర్చుంది. మేం నమ్మేశాం. గుడిలో ఎవరి గొంతుకైనా తలా ఒక వైద్యం ఉంటుంది. అల్లం మురబ్బా ఒకరు, మిరియాల కషాయం ఒకరు, కరక్కాయ ముక్క ఒకరు తెచ్చి ఇచ్చారు. అన్నీ పుచ్చుకుని, ఇంటికొచ్చి నాకిచ్చేది. ఆ చలికాలం నా గొంతు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఆమె లేక క్వైర్ పాట కుంటిదయింది. మాస్టర్ "ఎత్తుకోండి" అంటే మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్లం.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం మా పాస్టరు అయ్యగారు ప్రసంగం మధ్యలో వెనక వరస వైపు చెయ్యి చూపించారు. "ఉపవాసం అంటే మన టీచరమ్మ గారిని చూసి నేర్చుకోండి. శనివారం సాయంత్రం నుంచి ఆదివారం ఆరాధన ముగిసేదాకా ఆమె మంచినీళ్లు కూడా ముట్టరు. అడిగితేనే గాని చెప్పరు" అన్నారు. గుడంతా వెనక్కి తిరిగి చూసింది. ఆమె మొహం ఎర్రబడింది. లేచి తలవంచుకుని బయటికి వెళ్లిపోయింది. "చూశారా ఎంత తగ్గింపు" అన్నారు అయ్యగారు. నా పక్కనున్నావిడ కళ్లొత్తుకుంది. అసలు ఆమె ఎక్కడికి వెళ్లిందో గుడి వెనక బాత్‌రూము తలుపుకే తెలుసు.

నాకు తెలిసిన రోజు మాత్రం ఆటోలో తెలిసింది. జనరల్ బజార్‌లో క్వైర్ తెల్లచీరలకు అంచులు కొనాలి. ఏ షాపుకు వెళ్లాలో ఆమెకే బాగా తెలుసని రమ్మన్నాను, వచ్చింది. ఆటోవాడు ఫోను స్పీకర్లో పెట్టి పెళ్లాంతో కొట్లాడుతున్నాడు. సాయంత్రం కూర గురించి. మారేడ్‌పల్లి దగ్గర మొదలైన గొడవ క్లాక్ టవర్ దాకా సాగింది. చివరికి వాడు, "సరే తియ్, నువ్వే గెల్చినవ్, బెండకాయనే వండు, తిని సస్తా" అని ఫోన్ పెట్టేశాడు. మేమిద్దరం పగలబడి నవ్వాం. అదే సమయానికి ఆటో స్పీడ్‌బ్రేకర్ మీద ఎగిరింది. టీచరమ్మ నవ్వు మధ్యలో తెగిపోయింది.

బజారు ముందు ఆటో ఆగింది. నేను దిగాను. ఆమె దిగలేదు. సంచిలోంచి బాటిల్ తీసింది, నా కళ్లముందే మూత తిప్పింది, ఒళ్లోనూ సీటు మీదా వొంపింది.

"అయ్యో, మూత లూజయ్యిందండీ. మీ సీటంతా తడిపేశాను" అంది ఆటోవాడితో.

"ఏం ఫికర్ లేదమ్మా, నీళ్లే గదా, ఆరిపోతయ్" అన్నాడు వాడు.

"నేను ఇదే ఆటోలో ఇంటికి పోతానమ్మా. నువ్వు కొనుక్కుని రా" అంది నన్ను చూడకుండా.

నేనేం కొనలేదు. కాసేపు షాపు ముందు నిలబడ్డాను, ఇంకో ఆటో ఎక్కి నేరుగా ఆమె ఇంటికి వెళ్లాను. అప్పటికే స్నానం చేసి, తడి చీర వరండాలో ఆరేస్తోంది. నన్ను చూసి చేతిలో క్లిప్పు జారవిడిచింది.

"చూశావా?" అంది.

"చూసిన."

"ఏం చూశావు?"

"మూత మీరే తీసిండ్రు."

ఆమె క్లిప్పు ఏరుకుని చీరకు పెట్టింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. నాకు కాళ్లు ఆగడం లేదు. ఆ వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే అడిగాను.

"ఎప్పటి సంది టీచరమ్మా?"

"రెండో పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ కొంచెం కొంచెంగా ఉందే పిల్లా. నెలసరి ఆగాక మరీ ఎక్కువైంది. దగ్గినా, తుమ్మినా, నవ్వినా. ఒక్కోసారి ఏం చెయ్యకపోయినా తరుముకొస్తుంది, తాళం తీసేలోగానే అయిపోతుంది. పై స్వరం ఎత్తినా అంతే."

"పై స్వరమా?"

"మరే. గొంతు పోలేదే. గొంతు అలాగే ఉంది. పోయింది కింద."

చెప్పి నవ్వబోయి, నవ్వు కూడా జాగ్రత్తగా ఆపుకుంది. అంత గొంతున్న మనిషి నవ్వును కూడా కొలుచుకుని నవ్వుతోంది.

"డాక్టర్‌కు సూపెట్టలే?"

"షుగర్ పరీక్ష చేయించానుగా. లేదన్నారు. హమ్మయ్య అనుకుని వచ్చేశాను. ఇక ఇదంటావా, వయసుకి వచ్చేదే కదా. మా అమ్మకీ ఉండేది. అందుకే ఆదివారం నీళ్లు తాగను. ఆ అయ్యగారేమో ఉపవాసం అంటారు. నా ఉపవాసం దేవుడికి కాదే, చీరకి."

ఆరేసిన చీర అంచు సాపుచేసింది. తర్వాత చాలా చిన్నగా, "ఈస్టర్‌కి ఒక్కసారి అక్కడ నిలబడి ఎత్తుకోవాలని ఉందే. అంతే. తెల్లచీరలో" అంది.

ఆ మాట అనకపోయి ఉంటే నేను వదిలేసేదాన్నేమో. మర్నాడే లాక్కుపోయాను. ఆడవాళ్ల డాక్టరు ముందు కూర్చుని ఆమె కొంగు అంచు వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. "ఇబ్బంది ఏమిటమ్మా" అంటే, "కొంచెం నీరసం" అంది. నేను కాలితో తన్నాను. అప్పుడు చెప్పింది. డాక్టరు ఆశ్చర్యపోలేదు. ఇలాంటివాళ్లు రోజూ వస్తారని, రానివాళ్లు ఇంకా ఎక్కువని అంది. ముందు మూత్రం పరీక్ష చేయించింది, ఇన్‌ఫెక్షన్ ఉందేమోనని. బాత్‌రూముకు వెళ్లొచ్చాక లోపల ఎంత మిగిలిపోతోందో స్కానింగ్‌లో చూసింది. దగ్గమని చూసింది. తర్వాత కాగితం వెనక బొమ్మ గీసింది.

"పిల్లల కోసం చీరతో ఉయ్యాల కడతారు కదా, అలా కటి ఎముకల మధ్య కింద కండరాలు ఉంటాయి. బ్లాడర్‌ను, అంటే మూత్రాశయాన్ని, మోసేది ఆ ఉయ్యాలే. ఇద్దరు బిడ్డల కాన్పుల్లో సాగింది, నెలసరి ఆగాక ఇంకా పలచబడింది. మీకు మలబద్ధకం ఉంది, దాని ముక్కుడు ఒకటి. దగ్గితే కారడం ఒక రకం, తరుముకొచ్చి కారడం ఇంకో రకం. మీకు రెండూ ఉన్నాయి" అంది.

"మరి వయసు కాదాండీ?"

"వయసు ఒక కారణం. అంతేగాని ఇలాగే బతకాలని ఎవరూ రాసిపెట్టలేదు. రోజుకు నీళ్లు ఎన్ని తాగుతారు?"

టీచరమ్మ నా వైపు చూసింది. నేనే చెప్పాను, ఆదివారాల సంగతి కూడా. డాక్టరు పెన్ను కింద పెట్టింది. నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి బ్లాడర్‌ను మండిస్తుందని, అది ఇంకా తొందరపెడుతుందని, మలబద్ధకమూ పెరుగుతుందని అంది. ముందు జాగ్రత్తకని ఊరికే అస్తమానం వెళ్లిరావడం వల్ల బ్లాడర్‌కు కొంచెం నిండితేనే గోల చెయ్యడం అలవాటైందట. ఇన్నేళ్లు తనను కాపాడుతున్నాయనుకున్నవన్నీ తనను ముంచేవేనని తెలిసి టీచరమ్మ మొహం చూడాలి. తప్పు లెక్క చేసిన పిల్ల మొహం.

మందు ఏమిటంటే, నీళ్లు సరిపడా తాగడం, కాఫీ తగ్గించడం, తొందర వచ్చినప్పుడు కాసేపు ఓర్చుకుని ఆ ఎడం మెల్లమెల్లగా పెంచుకోవడం, మలబద్ధకం పోగొట్టుకోవడం, అన్నిటికంటే ముఖ్యంగా ఆ కండరాలకు వ్యాయామం. నెలల తరబడి చెయ్యాలి. తొందరకు మాత్రలున్నాయి. అవేవీ చాలకపోతే చిన్న ఆపరేషన్ ఉంది, అది తర్వాత చూద్దాం అంది.

వ్యాయామం నేర్పే ఫిజియోథెరపీ అమ్మాయి కరీంనగర్ వైపు పిల్ల. చాలా ఓర్పు. "గ్యాస్ వస్తున్నట్టనిపిస్తే నలుగుర్ల ఎట్ల ఆపుకుంటరు మేడం, గట్ల ఆపుకోండి. విడవండి. మల్ల ఆపుకోండి" అని చెప్పింది. టీచరమ్మకు ఆపుకోవడం కొత్తా? ఇంటికొచ్చి చదువుకునే పిల్లలా మొదలుపెట్టింది. ఎక్కువ చేస్తే ఎక్కువ లాభమనుకుంది. పొట్ట బిగించేది, ఊపిరి బిగబట్టేది, పళ్లు కరుచుకునేది. అది చాలక బాత్‌రూముకు వెళ్లిన ప్రతిసారీ మధ్యలో ధార ఆపి చూసుకునేది. కొన్ని వారాలయ్యేసరికి బాగుపడకపోగా ఎక్కువైంది.

"ఇక చాలే పిల్లా. నా ఒంటికి చదువు రాదు" అంది నాతో. వినలేదు నేను. మళ్లీ తీసుకుపోయాను. ఫిజియో అమ్మాయి చేయించి చూసి తల పట్టుకుంది.

"అయ్యో మేడం, మీరు కిందికి తోస్తున్నరు! ఊపిరి ఆపొద్దు. ధార సుత ఆపొద్దు, గది రోజు చేసే కసరత్తు కాదు. ఆపుడు కాదు మేడం. ఎట్ల చెప్పాలె... లోపటికి, పైకి... ఎత్తుకున్నట్టు."

టీచరమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"ఏమన్నావు? ఎత్తుకోవడమా?"

"అవును మేడం, మెల్లగ పైకి ఎత్తుకోవాలె, ఊపిరి విడుసుకుంట."

ఆమె కళ్లు మూసుకుంది. ఊపిరి పీల్చుకుంది. పెదవులు కొద్దిగా తెరిచి, వినీ వినపడకుండా ఒక స్వరం వదిలింది. ఈస్టర్ పాట మొదటి స్వరం అది. నేను గుర్తుపట్టాను. ఆమె భుజాలు దిగాయి, నుదుటి మీద ముడి విడిపోయింది. ఫిజియో అమ్మాయి ఆమె పొట్ట మీద చెయ్యి వేసి చూస్తోంది.

"గదే! గదే మేడం! ఇప్పుడు పడ్డది!"

"ఓసి, ఇదా!" అంది టీచరమ్మ. "ఇన్నాళ్లూ ఆపుకోమంటే ఆపుకున్నానే. ఎత్తుకోమని ముందే చెప్పొద్దూ."

అక్కడినుంచి మనిషి మారింది. కుదురుగా అయిందని కాదు, ఆమెకు కుదురు ఎక్కడిది? కాకపోతే ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఎత్తుకునేది. బస్టాపులో, రేషన్ వరసలో, పాలు పొంగే ముందు స్టవ్ దగ్గర. కళ్లు సగం మూసి పెదవులు కదుపుతుంటే దారినపోయేవాళ్లు ప్రార్థన అనుకునేవాళ్లు. తుమ్ము వస్తున్నట్టుంటే చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దని ఆపేది. ముందు ఎత్తుకునేది, అప్పుడు తుమ్మేది. "ముందే ఎత్తుకుంటే చుక్క పడదే" అని మురిసిపోయేది. తరుముకొచ్చినప్పుడు పరుగెత్తడం మానేసి, ఉన్నచోటే నిలబడి ఎక్కాలు చదివేది, పదమూడో ఎక్కం. ఆ ఎక్కం అయ్యేలోపు తొందర తగ్గేది, చాలాసార్లు. అన్నిసార్లూ కాదు. ఒక మాత్ర వేసుకుంటే నోరు పిడచకట్టుకుపోయింది. "కింద ఆగింది, పైన ఎండింది. ఈ మందుతో పాడేదెలాగండీ?" అని డాక్టర్‌తో పోట్లాడి ఇంకోటి రాయించుకుంది. మధ్యలో రెండు చీరలు తడిశాయి, ఒకసారి నా ఇంట్లో ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే వచ్చి, "కాఫీ తాగానే నిన్న, అదే కారణం" అని నాకు సంజాయిషీ ఇచ్చింది, నేను అడక్కుండానే.

ఈస్టర్ ముందర స్త్రీల కూడిక మా ఇంట్లో జరిగింది. అలాంటి కూడికలో ప్రార్థన తర్వాత సాక్ష్యాలుంటాయి. అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, అల్లుడికి జ్వరం తగ్గింది, అలాంటివి. టీచరమ్మ గుమ్మం పక్క కుర్చీలోంచి లేచింది. బయటికి పోతుందనుకుని అందరూ దారిచ్చారు. పోలేదు.

"అందరికీ వందనాలు. నేను ఎప్పుడూ ఉపవాసం చెయ్యలేదు" అంది.

దారిచ్చినవాళ్లు మళ్లీ కూర్చున్నారు.

"నీళ్లు మానేసింది భక్తితో కాదు. గుడిలో చీర తడుస్తుందన్న భయంతో. గొంతు పోయిందన్నదీ అబద్ధమే. దగ్గితే, నవ్వితే, పాడితే నాకు ఒంటికి ఆగదు. ఇది జబ్బట. దీనికి మందుందట. ఇన్నేళ్లు నాకు తెలీలేదు. ఇది చెప్పడమే నా సాక్ష్యం."

నేను ఒక్కొక్కరి మొహం చూస్తున్నాను. ఎవరు ఏమంటారో, నవ్వుతారో, రేపు గుడంతా పాకిస్తారో. అయ్యగారి భార్య, మేం అమ్మగారు అని పిలిచే ఆవిడ, ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగదు. ఆవిడ మెల్లగా కుడిచెయ్యి ఎత్తింది. చిటికెన వేలు ఒక్కటే పైకి.

"నాక్కూడా" అంది.

తర్వాత కిటికీ పక్కన ఇంకో వేలు లేచింది. తర్వాత తలుపు దగ్గర. చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు, కోడళ్లు, అత్తలు, బళ్లో కూర్చున్న పిల్లల్లా వేళ్లు ఎత్తి ఉన్నారు. టీచరమ్మ చూసి చూసి, తన పాత క్లాసులో అన్నట్టే అంది:

"పరుగెత్తండి."

ఆ రోజు మా ఇంట్లో నవ్విన నవ్వుకు ఎన్ని చీరలు తడిశాయో దేవుడికే తెలుసు. టీ చల్లారిపోయింది. ఎవరూ ఇంటికి వెళ్లలేదు. నేలమీద చాపలేసుకుని, టీచరమ్మ అందరికీ ఎత్తుకోవడం నేర్పింది. మొగవాళ్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఈస్టర్ ఆదివారం ఆమె తెల్లచీర కట్టుకుని వచ్చింది. దారిలోనే ఒక బాటిల్ నీళ్లు నా కళ్లముందు గటగటా తాగింది. ఆ బాటిల్‌లోంచి ఆమె తాగగా చూడటం నాకదే మొదలు. క్వైర్ మాస్టర్ ఆమెను చూసి కీబోర్డు మీద చేతులు వదిలేశాడు. "గొంతొచ్చిందా టీచరమ్మా?" అన్నాడు. "వచ్చిందండీ" అంది. మా ముందు వరస చివర నిలబడింది. గుడి కిటికీల అద్దాలన్నీ తీసి ఉన్నాయి, ఎండా దుమ్మూ లోపలికొస్తున్నాయి.

"టీచరమ్మా, ఎత్తుకోండి" అన్నాడు మాస్టర్.

ఎత్తుకుంది. ఆ గొంతు ఎక్కడికీ పోలేదు. పాట పై స్వరానికి వెళ్తుంటే నాకు నా వంతు గుర్తులేదు, ఆమె చీర వెనక భాగమే చూస్తున్నాను. సిగ్గులేకుండా చూస్తున్నాను. చరణం మధ్యలో ఆమె ఆగింది. భుజాలు కదిలాయి. దగ్గు. ఆ దుమ్మే. గుడంతా ఆగిపోయినట్టయింది నాకు. ఆమె చెయ్యి పక్కకు చాచి, అచ్చం తుమ్ముకు ముందు నన్ను ఆపినట్టే, అరచేయి చూపించింది. ఒక్క క్షణం. అప్పుడు దగ్గింది. గట్టిగా, పొడిగా, మళ్లీ ఒకసారి.

బయటికి పోలేదు. నిలబడే ఉంది. ఆపిన చోటినుంచే పాట అందుకుంది. చీర తెల్లగానే ఉంది. గుడిలో వాళ్లందరూ ఒక దగ్గు విన్నారు, అంతే. మా వరసలో ఆడవాళ్లం మాత్రం ఏడుస్తూ పాడాం. అయ్యగారు యేసు పునరుత్థానం గురించి ఏడుస్తున్నాం అనుకున్నారు. అదీ తప్పు కాదు.

పోయిన వానాకాలంలో, మధ్యాహ్నం నిద్రలో ఆమె గుండె ఆగిపోయింది. "ఇప్పుడే వస్తా" అనలేదు. ఎప్పుడూ చెప్పి వెళ్లే మనిషి చెప్పకుండా వెళ్లిందని నాకు ఇప్పటికీ కోపమే.

భూస్థాపనకు ముందు గుడిలో ఆరాధన. పెట్టెలో తెల్లచీరలోనే ఉంది. పడుకుని అంత కుదురుగా ఉన్న టీచరమ్మను చూడలేక మాటిమాటికీ కళ్లు తిప్పుకున్నాను. అయ్యగారు ఆమె ఉపవాసాల గురించి మళ్లీ చెప్పారు. అమ్మగారు నేల వైపు చూస్తూ చిన్నగా నవ్వుకుంది. క్వైర్‌లో వరస చివరి చోటు ఖాళీగా ఉంది, ఎవరూ జరగలేదు. మాస్టర్ ఆ ఖాళీ చోటు చూసి, ఎవరి పేరూ పిలవకుండానే అన్నాడు:

"ఎత్తుకోండి."

పాపం, ఆయన పాట గురించే అన్నాడు. రెండు వరసల ఆడవాళ్లం కళ్లు సగం మూసుకున్నాం. ముందు అందరం ఎత్తుకున్నాం. పాట ఆ తర్వాత వచ్చింది.